పన్నెండో పేజీ

పార్శిలాఫీసు మద్దిలేటి గీసిన బొమ్మల పుస్తకాల్లో
దొంగకు మీసం ఒకవైపే.
అది గూడ కొక్కెం మాదిరి వంగి,
దానికింద చుక్క మాదిరి పుట్టుమచ్చ.
పేరు చిక్కుముడి చెన్నారాయుడు.

గుంతకల్లు స్టేషన్‌లో చింపి పారేసిన రిజర్వేషన్ చార్టుల వెనక,
కార్బన్ మరకల మీదనే గీసేవాడు.
నెలకొక పుస్తకం. ఒకటే కాపీ.
ఖాసీం సైకిల్ షాపులో, పంచర్ నీళ్ల తొట్టి పైన
దారానికి వేలాడేది.
రోజుకు పావలా బాడుగ.
తడిచేత్తో తాకితే ఖాసీం స్పోకు కడ్డీతో చేతిమీద ఒకటేసేవాడు.

చెన్నారాయుడు దోచేముందు
గోడమీద బొగ్గుతో రాసిపెట్టి పోతాడు:
"మిద్దెమీద పెండ్లి, నేలమాళిగలో కానుపు."
ఇన్‌స్పెక్టర్ వజ్రకాయుడు ఊర్లో మిద్దెలన్నీ ఎక్కి,
పెండ్లి సత్రాలన్నీ దిగి,
కాన్పుల ఆస్పత్రిలో నర్సమ్మలతో తిట్లు తిని,
పన్నెండో పేజీలో గానీ
శనక్కాయల మిల్లు కాడికి చేరడు.

మా అక్క సుంకులమ్మ నాలుగో పేజీలోనే నవ్వేసేది.
"పువ్వు పైన, కాయ కింద.
బుడ్డల చేన్లు చూసినోనికి ఇది గూడ తెలీదా?"
పేజీ అంచున పెన్సిల్‌తో జవాబు రాసి
పుస్తకం తిరిగిచ్చేది.

మరుసటి నెల పొడుపు ముదిరింది.
"సూది గుచ్చితే నెత్తురు రాలే, చీము రాలే,
గుచ్చినోని కంట్లోనే నీళ్లొచ్చె."
ఈసారి అక్క నవ్వలేదు.
మా చేన్లో మూడు గుచ్చినాం.
మూడోది మున్నూరు అడుగులు, అంతా తెల్లటి దుమ్మే.
"బోరు" అని రాసింది.
పెన్సిల్ ముక్కు విరిగింది.

అప్పట్నుంచి చెన్నారాయుడు
వజ్రకాయున్ని చూడడం మానేసినాడు.
ఇనప్పెట్టె తెరిచేటప్పుడు గూడ
తల ఇటు తిప్పి,
గీతల చట్రం దాటి,
పెన్సిల్ రాత ఉండే అంచు వైపు చూస్తాండేవాడు.

నాకప్పుడు పదేండ్లు. నాదొకటే అనుమానం:
దొంగ అనేవాడు గుర్తెందుకు పెట్టిపోతాడు?
ట్యూబు నీళ్లలో ముంచుతా ఖాసీం అన్నాడు:
"చూడప్పా, గాలి దాక్కోనుంటాది.
దాక్కోనుండలేక బుడగ ఇడుస్తాది.
అంతే వాని కత."

ఆఖరి పుస్తకానికి పదకొండే పేజీలు.
నాలుగు దిక్కులకు చీలే పట్టాల నడుమ నిలబడి
చెన్నారాయుడు మమ్మల్నే అడుగుతాండాడు:
"ముడేస్తే పుట్టినాను, విప్పితే చస్తాను.
ఇప్పేది ఒక్కరికే తెలుసు. నేనెవరు?"

అక్క రెండు రోజులు పెట్టుకుంది. అర్ధరూపాయి బాడుగ.
అంచు ఖాళీగానే తిరిగిచ్చింది.
"తెలీదు" అనింది.
అక్క నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.
మద్దిలేటికి డోనుకు బదిలీ అయిందన్నారు.
దారం మాత్రం
చానా దినాలు ఊరికే ఊగింది.

మొన్న ఖాసీం కొడుకు షాపు కూలగొట్టిస్తా
సొల్యూషన్ డబ్బాల అడుగున దొరికిందని పిలిచిచ్చినాడు.
గ్రీజు వాసన. ఎలకలు కొరికిన మూల.
పదకొండో పేజీ ఎండకు పట్టి చూస్తే
అంచున కాగితం పలచబడి ఉండాది.
ఒత్తి రాసి, అంతకన్నా ఒత్తి చెరిపిన
నాలుగైదు అక్షరాల గుంతలు.
వెనకాల, కుట్టు పక్కన,
చినిగిన పేజీ పీలిక, వెంట్రుకంత.

కసాపురం రోడ్డు బడికి పోయినాను.
ఇరవై యేండ్లుగా అక్కడ అక్క లెక్కలు చెప్తాది.
గంట కొట్టినాక సుద్దచేతులు దులుపుకుంటా వచ్చి
పుస్తకం చూసింది. మీసం మీద వేలు పెట్టి
రవ్వంత సేపు అట్లనే ఉండిపోయింది.

తర్వాత, ఆరో తరగతి పిల్లోన్ని అడిగినట్ల:
"పన్నెండు పేజీలకు రోజుకు పావలా అయితే
ఒక్క పేజీకి, ముప్పై రెండేండ్లకు,
బాడుగెంత?"

నేను వేళ్లమీద లెక్క మొదలుపెట్టినాను.
నడుమ ఆగి
ఆమె మొహం చూసినాను.