మామూలుగా కలిసే ఉంటుంది

ఒవీదియో ఇంట్లో ఫ్రిజ్‌కి ఒకటే పాట వచ్చు.
మంద్రంలో నా 'సోల్' కంటే వెంట్రుక వాసి పైన పాడుతుంది,
ఎన్నిసార్లు చెప్పినా దిగదు, అంటాడాయన.

మాంటెవిడియోలో, సెరో కొండ వాలున,
వాళ్ళ వంటగదే ఆయన పనిగది.
బల్ల మీద విప్పి పరిచిన బాండోనియన్:
ముడతల తిత్తి, జింకు పలక మీద
పలువరసలా ఉక్కు రీడ్లు.
ఆకురాయితో గీరి, విని, మళ్ళీ గీరి.
రెండు స్వరాలు దగ్గరైతే గాలిలో అలలు లేస్తాయి,
అలలణిగితే శ్రుతి కలిసినట్టు.
ఫ్రిజ్ అణగనిచ్చేది కాదు.

కిందటి ఫిబ్రవరి ఎండల్లో ప్లగ్ పీకి
పనిలో పడి మరిచిపోయాడు.
తెల్లారేసరికి నేల మీద నెత్తుటి మడుగు, కరిగిన మాంసం.
తలుపు అరలో చెల్లెలు దెల్మీరా ఇన్సులిన్,
ఆరు సీసాలు, గోరువెచ్చగా.
ఆమె ఒక్క మాట అనలేదు.
అనకపోవడం ఫ్రిజ్ కన్నా గట్టిగా మోగిందట.

అందుకని నా దగ్గరికొచ్చాడు,
ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో
రిలేలు తుడిచిన నెలీదా దగ్గరికి.
"ఇరవై నిమిషాలు చాలు. ఆ తర్వాత దానంతటదే రావాలి.
నా జ్ఞాపకంతో దానికి పని ఉండకూడదు."

చుట్టల పెట్టెలో సర్దాను.
ఎనిమిది కాళ్ళ టైమర్ చిప్, ఎర్ర బటన్,
సన్నటి ధార వదిలే రెసిస్టర్,
ఆ ధారకింద కుండలా కెపాసిటర్.
కుండ మూడింట రెండొంతులు నిండగానే
ఇక చాలంటుంది చిప్.
కాగితం మీద లెక్క పద్దెనిమిది నిమిషాల చిల్లర.
నా పాత కుండ కొంచెం కారుతుంది, అందుకే ఇరవై.
లోపం వల్ల సరిపోయిన లెక్క
నా బతుకులో ఇది మొదటిది కాదు.

రిలే దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను.
దానికి రెండు జతల పెదవులు:
మామూలుగా విడిగా ఉండేవి,
మామూలుగా కలిసే ఉండేవి.
ఫ్రిజ్ తీగను కలిసే ఉండేవాటికి బిగించాను.
చిప్ మాడిపోయినా, టంకం ఊడినా,
పెట్టెలో చీమలు కాపురం పెట్టినా
ఆ పెదవులు విడవవు.
నా పనితనం చచ్చిన రోజు కూడా
దెల్మీరా మందు చల్లగా ఉండాలి.

బటన్ నొక్కాడు. టక్.
కంప్రెసర్ ఒళ్ళు విదిలించి, పశువులా నిట్టూర్చి, ఆగింది.
ముగ్గురం నిలబడే విన్నాం.
కొళాయి చుక్క. పక్కింటి చెంచా.
రేవులో ఎక్కడో ఓడ గొలుసు.
"ఇంకా ఏదో మోగుతోంది," అన్నాడు.
రేడియో ప్లగ్ తీశాను. లైటార్పాను.
దెల్మీరా గోడ గడియారాన్ని తువ్వాలులో చుట్టి
పడగ్గదిలో పెట్టొచ్చింది.
"సన్నగా, ఈలలా. ఎడమ పక్క."
తల తిప్పాడు.
ఈల తలతో పాటే తిరిగింది.

ఆయనకప్పుడు తెలిసింది. మాకు ఒక క్షణం ముందు.
"దీనికేమైనా రిలే ఉంటుందా, నెలీదా?"
టంకం కడ్డీ చల్లారిందో లేదో
అదే పనిగా చూస్తూ కూర్చున్నాను.
ఇరవై నిమిషాలు ఇంత పొడుగని
కట్టినప్పుడు నాకెవరూ చెప్పలేదు.

టక్.
ఫ్రిజ్ మూలిగి, పాట అందుకుంది.
ఈల దాని కొంగు చాటుకి పోయింది.
ఆయన భుజాలు కిందికి దిగాయి.

ఇప్పుడాయన బటన్ ముట్టుకోడు.
ఫ్రిజ్‌నే శ్రుతిగా పెట్టుకుని
వెంట్రుక వాసి కిందికి రీడ్ గీరుతాడు.
సెకనుకి రెండలలు లేవాలి.
పూర్తిగా అణిగాయా, తప్పినట్టే.

పెట్టె విప్పి పట్టుకుపోనా అనడిగాను.
ఉండనీ, అంది దెల్మీరా.
ఆదివారాలు అన్న చేపలకి వెళ్ళాక
తనే నొక్కుతుందట.
ఏం వింటుందో నేనడగలేదు.