సంచి మీద అంకెలు

పూతకొచ్చిన పైరుకి నీళ్ళు ఆపేసినారు.
కావాలనే.
బోర్లో నీళ్ళుండాయి, కరెంటుండాది,
మునిచంద్ర సారు మోటారు గదికి తాళమేసి
తాళంచెవి జేబులో ఏసుకున్నాడు.
ఇదేం పాపం సారూ అంటే
"ఏది తట్టుకుంటాదో చూడాల గదమ్మా" అన్నాడు.
మా పాలమనేరు పక్క వాన
ఏటేటా పెట్టే పరీక్షే ఇది.
ఈయన మార్కులేస్తాడు, అంతే తేడా.

నా పని సంచులు కట్టేది.
కండె పీచు బయటికి తొంగి చూడక ముందే
కాగితం సంచి తొడగాల.
పొద్దున మంచారినాక
జల్లుకి కట్టిన సంచి వంచి తట్టితే
పసుపు రాలినట్టు పుప్పొడి.
ఈ వరస పొడి ఆ వరస పీచు మీద చల్లి
మళ్ళా మూసి, పిన్ను కొట్టి,
తేదీ, నంబరు.
పీచుకొక గింజ. ఒక్క పోగుకి పొడి తగలకపోతే
కండెలో అక్కడ పన్ను ఊడినట్టే.
నాకు చదువు రాదు,
అంకెలు మాత్రం అచ్చు గుద్దినట్టు రాస్తాను.
ఇన్ని పెండ్లిండ్లు చేసేది నేనే,
పిల్లా పిలగాడి పేర్లు మాత్రం నాకెవురూ చెప్పరు.

మార్చిలో ఆ యమ్మ వచ్చినాది. తియమికె.
మలావి అంట. షబానా ఫోన్లో చూపించింది,
బొటనేలు మోపితే మూసుకుపోయే దేశం.
మొదటి దినమే గెనిమ మీద నా సద్ది విప్పితే
సంగటి ముద్ద చూసి నవ్వింది.
తుంచి, వేలితో గుంత చేసి,
ఊరిబిండి అద్దుకొని మింగింది.
నేర్పే పనే లేకపోయె.
వాళ్ళది తెల్లజొన్న పిండితో, ఎన్సిమ అంట.
అది పడకపోతే ఎంత తిన్నా
తిన్నట్టు కాదంట.
షబానా తెలుగులో చెప్పకముందే
నాకది తెలిసిపోయింది.

మంచి రకాలు కనుక్కుంటానే ఉండారంట,
కొండవతల ఊర్లో ఆడమనిషి చేతికి
పదేండ్లకూ చేరదంట.
అంగట్లో పది కిలోల మూట,
ఆమె ముడిలో రెండు కిలోల దుడ్డు.
"ఉప్పు పొట్లాల మాదిరి కట్టాల" అన్నది ఆ యమ్మ.
నేను నా మూట కథ చెప్పినాను:
నాలుగు వేలు, బిల్లు లేదు, మొలక లేదు.
నూరు గింజలు తడిగుడ్డలో చుట్టి చూసుంటే తెలిసేది,
అప్పుడు నాకా యవ్వారం తెలీదు.
ఇంగ్లీషులో షబానా అది చెప్తా ఉంటే
ఆ యమ్మ తలూపతా ఉండాది,
మా బజారు అంగడి గడప ఎక్కి దిగినట్టు.

ఒకనాడు ఆకు సుడి విప్పి చూపించినాను.
కత్తెర పురుగు.
నొసట నామం తలకిందులుగా పెట్టుకొని కూర్చోనుండాది.
ఆ యమ్మ మాట్లాడలే. గోటితో నలిపేసింది.
ముందు వాళ్ళ చేలల్లో పడిందంట,
రెండేండ్లకి మా చేలల్లో.
సముద్రం దాటేటప్పుడు
దాన్నెవురూ సంతకం అడగలేదు.

కండెలు ఎండినాయి, ఆ యమ్మ పొయ్యే దినమొచ్చింది.
దప్పికైనా పీచు ఆలస్యం చెయ్యని వరస,
నేను పొడి చల్లిన కండె,
నాలుగు గింజలు కొంగున ముడేసి తెచ్చినాను.
ముడి మీద చెయ్యేసి వద్దనింది.
గింజతో పాటు తెగులు పోతాదంట.
పరీక్ష, మందు పొగ, పదకొండు సంతకాలు,
ఆడ ఒక గదిలో ఒంటరిగా మొలిచి చూపించాల.
నిజమే. పురుగుని చూసినాక నిజం కాదని ఎట్లంటా?
అయినా కోపమొచ్చింది,
ఎవురి మీదో తెలీలేదు.
ఆ నాలుగు గింజలూ ఇంటికి తెచ్చి కోళ్ళకేసినాను.

మళ్ళా మార్చి. మోటారు గదికి మళ్ళా తాళం.
నలభై ఏడో వరస కొత్తది.
గింజ తెల్లగా ఉండినాదని
నాటిన కుప్పమ్మ చెప్పింది.
యాడిదని సారునడిగితే, "నలభై ఏడు" అన్నాడు.
దాని పొడి పట్టి
మా దప్పిక వరస పీచు మీద చల్లినాను.
తేదీ ఏసినాను, నంబరేసినాను.
షబానా చేత పలక మీద రాయించుకొని
నెల దినాలు దిద్దినవి నాలుగక్షరాలు,
అవి గూడా రాసినాను.
సారు చూస్తే చెరిపేయమంటాడని
సంచి లోపలి వైపు.