కుళాయి తిప్పి ఉంచు

కిసుములో అవూర్ మంచును చూసింది
ఫ్రిజ్ గోడల మీద మాత్రమే.
ఇవాళ విన్నిపెగ్ ప్లంబర్ వెబ్‌సైటుకి రాయాలి
గడ్డకట్టిన పైపు గురించి.

ఏజెన్సీ ఆర్డరు:
"గడ్డకట్టిన పైపు" పదకొండుసార్లు రావాలి.
ఐదోసారికే ఆ మాట
నమిలేసిన చెరుకు పిప్పి.

మొత్తం చెరిపేసి ఆ ప్లంబర్‌కే ఫోన్ చేసింది.
"లోర్న్, వెళ్ళగానే మొదట ఏం చేస్తావు?"
అటువైపు చాలాసేపు దగ్గు. తర్వాత,
"కుళాయి తిప్పి ఉంచుతాను.
కరిగింది పోవడానికి దారుండాలిగా.
అక్కణ్ణుంచి వెనక్కి, హెయిర్ డ్రయ్యర్‌తో, మెల్లగా.
మంట మాత్రం వద్దు,
ఒకాయన వంటిల్లే తగలెట్టుకున్నాడు."

అదే రాసింది. మొదటి వాక్యంలోనే కుళాయి.
అర్ధరాత్రి వణికే బొటనవేలితో వెతికేవాళ్ళకి
పైపుల చరిత్ర దేనికి?

ఏజెన్సీ లెక్కపెట్టింది: నాలుగుసార్లే.
డబ్బులో కోత.
జనవరికల్లా ఆ పేజీ
ఎక్కడో అడుగునుంచి మూడో చోటికి ఎక్కింది.
ఆమెకెవరూ చెప్పలేదు.

ఆమె ఇంట్లో నీళ్ళు వారానికి రెండు రాత్రులే,
ఏ వేళకో తెలీదు.
కుళాయి తిప్పి, కింద బకెట్ పెట్టి పడుకుంటుంది.
మొదటి చుక్క అడుగున
టంగుమన్నప్పుడు లేవాలి.