లాభం అంటే ఒకటి

బాదేపల్లి గంజ్‌ల కాంట పట్టేటోడు
ఒకటి అని ఎన్నడు అనడు.
మొదటి తూకానికి లాభం అంటడు,
ఆ తర్వాతనే రెండు, మూడు.
పెంబ్రీ దొర నేర్చిన మొదటి తెలుగు మాట గదే.
నేర్పింది మా తాత, తూకం కుర్మయ్య.

హల్ అనే రేవు పట్నంల
పీపాలు బిగించేటోని కొడుకంట.
ఇరవై రెండేండ్లకు బొంబాయి ఆఫీసుల గుమాస్తా,
ఇరవై ఆరుకు జడ్చర్ల టేషన్ల దిగిండు,
ఒక ట్రంకుపెట్టె, ఒక గొడుగు.
వాన లేని పాలమూరుకు గొడుగు!
హమాలీలు కిసకిస నవ్విండ్రు.
తెల్లారి ఎండ జూసి వాళ్లే అన్నరు:
తెలివిగల్లోడే.

ఆముదాలు కొన్నడు.
గింజను గోటితో గిచ్చి, వాసన జూసి
ఇది మిడ్జిల్‌ది, ఇది కల్వకుర్తిది అంటుండె.
తప్పితే మున్షీ దస్తగీరుకు ఒక సిగరెట్టు బాకీ.
చెట్టు లేని చోట ఆముదం చెట్టు ఎంతనో
దొర గూడ మా గంజ్‌ల అంతయిండు.

అటు సీమల లడాయి ముదిరింది.
బండి ఇరుసులకు పూసే మా ఆముదం
విమానాలు తాగుతున్నయంట.
మా అవ్వ నమ్మలె:
"కడుపు కడుగనీకె తాగుతరు గని
మొగులెక్కనీకె తాగుతరా?"
వారం వారం ధర ఎగిరింది.
టేషన్ ఎనక బంగ్లా లేసింది,
హ్యాండిల్ తిప్పే మోటరొచ్చింది.
రైతు చేతికి మాత్రం
అవే హాలీ రూపాయలు,
అవి గూడ లెక్కకు తక్కువ.

ఇగ ఇది చెప్పాలె, దాచేది గాదు.
రాళ్ల పల్లెం కింద
చింతగింజంత గాదు, చింతకాయంత మైనం ఉండె.
పెట్టుమన్నది దొర.
పెట్టింది మా తాత.
బస్తాకు సేరు.
పదమూడేండ్లు.
ఏ ఖాతాల రాయలె.

తర్వాత సీమ బజారు కూలింది.
తార్ మీద తార్ వచ్చింది.
మోటరు పోయింది,
బంగ్లా పోల సాంబయ్య పేరు మీదికి మారింది.
ఆఖరుకు మిగిలినయి ఖాతా పుస్తకాలు,
తోలు అట్టలు, ఎర్ర సిరా.
మిర్చీలమ్మే సాయమ్మ పొట్లాలకు కొంటనన్నది.

జోకనీకె మా తాతనే పిలిచిండ్రు.
అదే కాంట, అదే పల్లెం.
మైనం తీయాలని యాదికి రాలేదో,
వచ్చిందో.

లాభం, అన్నడు తాత.
దొర ముల్లు దిక్కు చూసిండు.
సేరు తక్కువొచ్చింది.
మెల్లగ వంగి
పల్లెం కింద చెయ్యి పెట్టి తడిమిండు.
వేలికంటిన మైనం లాగుకు తుడుసుకొని
రెండు, అన్నడు.