క్యాబేజీ మీద దెబ్బ

మెట్లు దిగితే గది. ఇస్తాంబుల్‌లో, బెయోగ్లు వెనక సందు.
పైన టైలరు దుకాణం, కింద మేం.
గోడల నిండా గుడ్ల అట్టలు.
తెర మీద బొమ్మ నోరు లేకుండా కదులుతుంటుంది,
దానికి చప్పుడు పెట్టడం నా పని.
ఇరవై రెండేళ్లు. నా పేరు నెజాహత్.
తెర మీద ఎప్పుడూ పడలేదు లెండి.

అలమర తెరిస్తే ఆడవాళ్లంతా అందులోనే.
పై అరలో సెక్రటరీ: ఎర్ర హైహీల్స్.
టక్. టక్. టక్.
నాలుగో టక్ దగ్గర హీరో చేతిలో టీ ఒలకాలి.
కింద అరలో అత్తగారు: కొయ్య పావుకోళ్లు.
ఠాప్ ఠాప్‌మని ఆవిడ గుమ్మం దాటకముందే
అల్లుడు సోఫా కింద దూరాలి.
మూలన, పెళ్లికాని టైపిస్టు.
ఆవిడ తడబడాలి, కళ్లజోడు జారాలి,
దాని మీద ఆవిడే కాలేయాలి.
కరక్.
అందుకు నా పాత కళ్లజోళ్లే వాడతాను.
నాకూ పెళ్లి కాలేదు. నాకూ దూరపుచూపు ఆనదు.
ఆ సీనుకి హాలు ఎలా ఊగిపోతుందో చూద్దామని వెళ్లి
వెనక వరసలో కూచుని
నేనూ నవ్వాను. అబద్ధమెందుకు.

ఇక పెళ్లాం.
పెళ్లాం అంటే రొట్టెల కర్ర.
అది గాల్లోకి లేచి మొగుడి బట్టతల మీద దిగుతుంది.
తలకి క్యాబేజీ వాడతాం.
గట్టిది, ఆకుకీ ఆకుకీ మధ్య గాలి చొరనిది,
బజారులో వేలితో కొట్టి చూసి ఏరుకుంటాను.
ఫెళ్!
"ఇంకాస్త కరకరలాడాలి నెజాహత్" అంటారు ఫెరిదున్ గారు.
మళ్లీ ఫెళ్!
సాయంత్రం ఆ తలకాయని ఇంటికి పట్టుకెళ్లి
ఆకులొలిచి, బియ్యం కూరి, ఉడకేసుకుంటాను.
ఎందరు మొగుళ్ల తలలు తిన్నానో లెక్కలేదు.

ఆ శీతాకాలం
మా పైవాటాలోకి కొత్త జంట దిగింది.
అమ్మాయి పేరు షుకుఫె. బొత్తాలు కుట్టే పని.
ఒక రాత్రి పైనుంచి చప్పుడు.
పనిలో పడి చెడిపోయిన చెవి నాది,
ఏది విన్నా వస్తువు పేరు చెప్పేస్తుంది:
అది కుర్చీ. అది గ్లాసు. అది తలుపు.
ఇది మాత్రం
క్యాబేజీ కాదు.
తడి తోలు కాదు. ఇసక సంచీ కాదు.
నా అలమరలో లేదు.
ఫెళ్‌మనలేదు, అసలేమీ అనలేదు,
పరుపు మీద పుస్తకం పడ్డట్టు, అంతే.
తర్వాత ఎవరో కొళాయి తిప్పి
చాలాసేపు అలా వదిలేశారు.

లేచి, చీపురు తిరగేసి, కప్పుని మూడుసార్లు పొడిచాను.
కొళాయి ఆగింది.
అంతకుమించి నేను చేసిందేం లేదు.

పొద్దున మెట్ల మీద ఎదురైంది.
"రాత్రి మీ నిద్ర చెడగొట్టాం" అంది.
నా చేతిలో సంచీ. సంచీలో ఆ రోజు తలకాయ.
"నవ్వొచ్చే సినిమాలకి పనిచేస్తారటగా?
మావారికి భలే ఇష్టం,
పెళ్లాం కొడుతుంటే పడీపడీ నవ్వుతారు"
అంది, శాలువా మెడ దాకా లాక్కుంటూ.

ఆ రోజు మూడో రీలు. కర్ర లేచింది.
నేను కొట్టలేదు.
చప్పుడు లేకుండా తల మీద పడింది,
చప్పుడు లేకుండా మొగుడు కళ్లు తేలేశాడు.
గదిలో ఎవరికీ నవ్వు రాలేదు.
అప్పుడు కనిపించింది ఆ నటి ముఖం,
ఇన్నేళ్లూ ఫెళ్ వెనక ఉండిపోయింది.
అలిసిపోయి ఉంది.
"ఏమైంది?" అన్నారు ఫెరిదున్ గారు.
"చెయ్యి నొప్పి" అన్నాను.
రెండోసారి కొట్టాను. జీతాల రోజు.

అందరూ వెళ్లాక కొంచెం టేపు మిగిలింది.
అలమర ముందు నిలబడ్డాను.
టక్ టక్ ఉంది. ఠాప్ ఠాప్ ఉంది.
వెంటపడే పరుగుంది, పారిపోయే పరుగుంది.
ఒక ఆడమనిషి ఎవరికోసమూ కాకుండా
తన దారిన తను నడిచే చప్పుడు
ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు.

నా జోళ్లే వేసుకుని, సంచీ పట్టుకుని
గులకరాళ్ల పెట్టెలో నడిచాను.
ఎడమకాలు కాస్త ఈడుస్తానని అప్పుడే తెలిసింది.
ఊపిరి కోసం ఆగాను. సంచీ చెయ్యి మార్చాను.
మళ్లీ నడిచాను.

డబ్బా మీద ఏం రాయాలో తోచలేదు.
"బొమ్మ లేదు" అని రాశాను.