మంత్రులు లేని ఆట

బోలుంగార్విక్‌లో ఈస్టర్ టోర్నీ.
బడి వ్యాయామశాల, నేల నిండా బాస్కెట్‌బాల్ గీతలు,
వాటి మీద అడ్డదిడ్డంగా మా బల్లలు.
కిటికీ అవతల మంచు అడ్డంగా కురుస్తోంది.

ఆడేది పదిమందిమే. అందరూ అందరితో ఆడాలి,
ఈస్లేవర్‌ని తప్పించుకునే దారి లేదు.
ఊరంతటికీ తెలుసు:
‘క్రియా’ పడవనీ, దానితోపాటు మా చేపల వాటానీ
నాతో ఒక్క మాట అనకుండా అమ్మేశాడు.
పదకొండేళ్లు.
ఎదురుపడితే ఎవరో ఒకరం రోడ్డు దాటుతాం.

ఎందుకో తెల్లవి ఎప్పుడూ అతనికే వస్తాయి.
రాజు ముందరి బంటు రెండు గళ్లు. నాదీ అంతే.
గుర్రం. గుర్రం.
ఆపైన అతని శకటు ఏటవాలుగా జారి వచ్చి
నా గుర్రం మీద కన్నేసి కూచుంటుంది.
స్పానిష్ అంటారు దీన్ని.
మా ఉప్పుచేప పోయేదీ ఆ దేశానికే.
నేను అంచు బంటుతో పొమ్మంటాను,
అతను ఒక గడి వెనక్కి జరుగుతాడు.
ఏటేటా ఇదే, రావడం, పొమ్మనడం, జరగడం.
పలకరింపు లాంటిదనుకునేవాణ్ణి.

ఈసారి జరగలేదు.
గుర్రాన్ని కొట్టాడు.
చెయ్యి వణికి అది బల్ల మీద దొర్లింది,
అతనే పట్టుకుని నిలబెట్టాడు.
కుడి చూపుడువేలు సగమే ఉంది.
ఆ రోజు వించ్ ఆపింది నేనే,
కాస్త ఆలస్యంగా.

ఏడో ఎత్తుకల్లా మంత్రులిద్దరూ పెట్టెలోకి పోయారు.
ఇక మధ్యవర్తులు లేరు.
ఇలాంటి ఆటలో రాజు మూల దాక్కుంటే కుదరదు,
తనే లేచి నడవాలి,
ముసలాడు గడ్డకట్టిన రేవులో నడిచినట్టు
ఒక్కో గడీ తడిమి చూసుకుంటూ.

ముప్పై ఒకటో ఎత్తు రాసి,
కాగితం మీంచి తలెత్తకుండా
“సమమా?” అన్నాడు.
గొంతు బాగా పాడైంది.

ఒప్పుకోవచ్చు. బంట్ల లెక్క సరిగ్గానే ఉంది.
ఒప్పుకుంటే చెయ్యి కలిపి, కోటు తగిలించుకుని పోతాడు.
నా గడియారంలో ఇంకా నలభై నిమిషాలు,
అతనిదాంట్లో ఇరవై ఆరు.

తల అడ్డంగా ఊపాను.

పంతులమ్మ రాగ్న్‌హేదర్ ఇద్దరికీ కలిపి
ఒకటే ఫ్లాస్కు పెట్టి వెళ్లింది.
మూత తిప్పలేక నా వైపు నెట్టాడు.
తిప్పి ఇచ్చాను.

ఇప్పుడు రాజులిద్దరూ ఎదురెదురు,
మధ్య ఒక్కటే గడి.
వంతు ఎవరిదైతే వాళ్లే పక్కకి తప్పుకోవాలి.
నాదే.
తొందరేం లేదు.