ఇద్దరి సీటు

దేవరకొండ డిపోల మేనేజరు గదికి
ఒక్కటే కుర్చీ ఉండేది.
లోపటికి పోయినోళ్లు నిలబడే మాట్లాడాలె,
నిలబడే మాట పడాలె.
గోడకు మా భుజాలు ఆనిన మరక
ఎన్నిసార్లు సున్నమేసినా పైకి తేలేది.

లతీఫ్ సారు వచ్చిన వారానికి
తుక్కుకు పోయే బస్సుల నుంచి
ఒక సీటు పీకించిండు. ఇద్దరు కూసునేది.
రెగ్జిను చినిగి లోపటి పీచు కనబడేది.
ఎన్క ఎవరో మేకుతోని చెక్కిన పేరు
సగంలనే ఆగింది: 'రేణు...'
కిటికీ కాడ, బస్టాండు దిక్కు మొకం పెట్టి ఏయించిండు.

నేను కండక్టరునై అప్పటికి పందొమ్మిది దినాలు.
చందంపేట బండి. అంగడి రోజు.
మూడు వందల నలభై తక్కువొచ్చింది.
రాత్రంతా లెక్కే.
పైసల లెక్క కాదు,
తాండాల ఏ మొకం పెట్టుకొని తిరగాలె అని లెక్క.
తెల్లారి పిలుపొచ్చింది.
బ్యాగు పొట్టకు అదుముకొని గోడకు ఆనబోతుంటే
"ఈడ కూసో, జీజాబాయీ" అన్నడు.
టేబులు ఎనక నుంచి లేచొచ్చి
తనూ పక్కన కూలబడ్డడు.

ఇద్దరి సీటుతోని ఒక సంగతుంటది.
మొకంల మొకం పెట్టి చూసుకోలేం.
ఇద్దరి చూపూ ఒక్క దిక్కే పోతది.
మాచర్ల బండిని రివర్సు తీస్తున్నరు,
పల్లికాయలామె గంప జరుపుకుంటున్నది,
అదే చూసుకుంట అడిగిండు:
"యే స్టేజీ కాడ తప్పింది?"

ఎందుకు తప్పింది అనలే.
యే స్టేజీ కాడ.
దారి తప్పినోళ్లను అడిగినట్టు.

అప్పుడు యాదికొచ్చింది:
వాగు కాడ ఎక్కిన పన్నెండు మంది,
మేకపిల్లను సంకలేసుకున్న అవ్వ,
ఆమె ఐదువందల నోటు,
చిల్లర నేను రెండుసార్లు ఇచ్చుడు.
పైసలు నా జీతంలనే కోసిండు.
మాఫీ చేస్తడనుకున్న, చేయలే.
అయినా ఆ పొద్దు నా బండి ఎక్కినోళ్లు
ఏందమ్మా, పండుగా అని అడిగిన్రు.

మర్రిగూడ ఎర్రయ్య మా వాచ్‌మెను.
ఫ్లోరైడు నీళ్లకు మెడ పట్టేసింది, పక్కకు తిరగది.
"ఈ సీటు నా కోసమే చేసిన్రు" అని నవ్వేటోడు.
"ఈడ నా మెడా, మీ మెడా ఒక్కటే."

తాగి డ్యూటీ కొచ్చిన శ్రీశైలాన్ని
ఆ సీటు మీదనే సస్పెండు చేసిండు.
కాయితం చేతిల పెట్టి లేచిపోలే.
చాయ మీద మీగడ కట్టేదాంక
పక్కనే ఉన్నడు.
మూడు నెల్లకు మళ్ల డ్యూటీ ఎక్కిన శ్రీశైలం
అందరికన్న ముందు
దబ్బనం తెచ్చి
ఆ సీటు చినుగు కుట్టిండు.
వంకరటింకర కుట్టే. ఇంకా ఊడలే.

ఎప్పుడు పట్టుకున్నదో తెల్వది,
బస్సుల పాసు పారేసుకున్న పిల్ల ఏడుస్తుంటే
నా నోట్లెనుంచీ అదే వచ్చింది:
"యే స్టేజీ కాడ పోయింది బిడ్డా?"
అప్పటిదాంక నాకు ఒచ్చిన మాట
"దిగు" ఒక్కటే.

సారుకు కొల్లాపూర్ బదిలయింది.
కొత్తాయన గదిని చూసి
ఈ తుక్కేందని బయటేయించిండు.
మేం కొట్లాడలే.
నలుగురం మోసి డీజిలు బంకు పక్కకేసినం,
రోడ్డు దిక్కు మొకం పెట్టి.

మొన్న రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే
కొత్తాయనే కూసున్నడు దాని మీద.
పైనోళ్లు ఫోన్ల ఏమన్నరో ఏమో,
ఫోను తొడ మీద బోర్లా పెట్టుకున్నడు.
ఓ కొసకు ఒదిగిండు.
రెండో సగం కాలీ.

జర సేపు నిలబడ్డ.
పోదునా వద్దా అని కాదు,
పెద్దాఫీసరు పక్కన కూసునుడు నాకు అలవాటు లేదు,
అది ఒక్క సారు కాడనే నేర్చుకున్న.

బ్యాగు ఒళ్లె పెట్టుకొని కూసున్న.
ఆయన నా దిక్కు తిరగలే. నేనూ తిరగలే.
కొండమల్లేపల్లి దిక్కు రోడ్డు చీకటిగుంది,
హైదరాబాదు ఆఖరి బండి ఇంకా రాలే.

"యే స్టేజీ కాడ, సారూ?" అన్న.